వెదురు, పటిక, పుస్తకం

1900 జనవరిలో పెండ్రా అనే చిన్న ఊరినుండి 'ఛత్తీస్‌గఢ్ మిత్ర' అనే హిందీ మాసపత్రిక వెలువడినది. దాని సంపాదకుడు మాధవరావు సప్రే. ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో పత్రికారచనకు అదే ప్రారంభమని అక్కడివారు గౌరవంతో చెప్పుకుంటారు. అచ్చు మాత్రం పెండ్రాలో కాదు. మొదట రాయపూర్‌లోను, తరువాత నాగపూర్‌లోను జరిగినది. మూడు సంవత్సరాలు నడిచి 1902 చివర ధనాభావంచేత ఆ పత్రిక ఆగిపోయినది. తెలుగునాట పత్రికలు నడిపినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. అయితే పెండ్రా విషయంలో ఒక విశేషం ఉన్నది. ఆ ఊరు బిలాస్‌పూర్ నుండి కట్నీ పోయే రైలుదారిలో, మైకల్ కొండల అంచున, వెదురు అడవుల నడుమ ఉన్నది. పత్రిక నడిపేవాడి ఖర్చులో కాగితం వెల ఎప్పుడూ పెద్ద భాగమే. ఊరిచుట్టూ పెరిగే వెదురు ఆనాటికి బుట్ట అయ్యేది, చేట అయ్యేది, తడిక అయ్యేది, నిచ్చెన అయ్యేది. కాగితం మాత్రం ఇంకా కాలేదు.

అరవై అయిదేళ్ల తరువాత, 1965లో, అదే రైలుదారిలో పెండ్రా దాటి, అనూప్‌పూర్ దాటిన తరువాత వచ్చే అమ్లాయిలో ఓరియంట్ పేపర్ మిల్లు వెలిసినది. సోన్ నది నీరు, చుట్టుపట్ల గనుల బొగ్గు, కొండల వెదురు దానికి ఆధారాలు. అదే కంపెనీ మొదటి మిల్లు అంతకు పూర్వమే, 1930ల చివర, బిలాస్‌పూర్‌కు తూర్పున హౌరా పోయే ప్రధానమార్గంలో, ఈబ్ నది ఒడ్డున, బ్రజరాజ్‌నగర్‌లో ఆరంభమయినది. అనగా బిలాస్‌పూర్ జంక్షను ఒక తరంపాటు రెండు కాగితపు మిల్లుల నడుమ నిలిచి ఉన్నది. అడవినుండి బయలుదేరిన వెదురు ఒకవైపు, మిల్లునుండి బయలుదేరిన కాగితపు చుట్టలు మరొకవైపు రైలుపెట్టెలలో సాగిపోయిన దారి అది.

ఈ జంక్షనుకు తెలుగువారితో ఉన్న సంబంధం పాతది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి బిలాస్‌పూర్‌ను అటు నాగపూర్‌తోను ఇటు బెంగాలుతోను కలిపినది. శతాబ్దారంభంలో వాల్తేరు వరకు తూర్పుతీరపు మార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చినది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి అయినది. ఆ విధంగా విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గార్డులుగా, గుమాస్తాలుగా ఖరగ్‌పూర్‌కు పోయినట్లే బిలాస్‌పూర్‌కూ వచ్చి రైల్వే కాలనీలలో స్థిరపడినారు. 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చినది. 2003లో బిలాస్‌పూరే ఒక కొత్త జోనుకు ప్రధానస్థానం అయినది. పిల్లల చదువు హిందీలోకి మారినా ఇంట్లో తెలుగు నిలిచినది. ఆ తెలుగుకు తోడుగా ట్రంకుపెట్టెలో నాలుగు పుస్తకాలు ఉండేవి: ఒక భాగవతం, ఒక బాలశిక్ష, ఒక నవల, పాత 'భారతి' సంచిక ఒకటి రెండు. పెట్టెలోని ఆ పుస్తకాలు ఎందుకు పొడి అయిపోతున్నవనే ప్రశ్నకు సమాధానం ఆ ఊరికి అటూ ఇటూ ఉన్న మిల్లుల పనితీరులోనే దొరుకుతుంది. దానిని తెలుసుకోవడానికి మొదట మిల్లులు లేని కాలపు కాగితాన్ని చూడవలసి ఉన్నది.

కాగితం అన్న మాట పారశీకపు 'కాగజ్' నుండి వచ్చినది. దస్తా అన్నదీ పారశీకమే. రీము అరబ్బీ 'రిజ్మ' నుండి ఐరోపా చుట్టి మనకు చేరినది. మాటలు వచ్చిన దారే వస్తువు వచ్చిన దారి. చీనాలో క్రీ. శ. 105లో త్సాయ్ లున్ అనే రాజోద్యోగి చెట్టుబెరడు, జనుము, గుడ్డపేలికలు, పాతవలలు కలిపి కాగితం చేసిన పద్ధతిని చక్రవర్తికి నివేదించినట్లు అక్కడి చరిత్ర చెబుతున్నది. ఎనిమిదవ శతాబ్దంలో ఆ విద్య సమర్కందు చేరి, పశ్చిమానికీ దక్షిణానికీ వ్యాపించినది. మన దేశంలో ఈ పని చేసినవారికి కాగజీలని పేరు. తెలుగునాట కరీంనగరం ప్రాంతపు కోరుట్ల వారి కాగితానికి ప్రసిద్ధి. నైజాము రాజ్యంలో పట్వారీలు తమ లెక్కల పుస్తకాలకు ఆ కాగితాన్నే విరివిగా వాడినారు.

కాగజీల పద్ధతి ఇది. పాత జనుపతాళ్లు, గోనెలు, పేలికలు ముక్కలుగా కొట్టి సున్నపునీటిలో నానవేస్తారు. కాలితో తొక్కే రోకలికింద రోజుల తరబడి దంచుతారు. వాగునీటిలో కడుగుతారు. మళ్లీ సున్నం, మళ్లీ దంపు, మళ్లీ కడుగు. ఈ వరస అనేకసార్లు సాగిన మీదట నార పీచు పీచుగా విడిపోయి పాలవంటి గుజ్జు అవుతుంది. దానిని తొట్టిలో నీటితో కలిపి, సన్నని గడ్డిపుల్లల చాపను అందులో ముంచి లేవదీస్తే నీరు కారిపోయి చాపమీద ఒక పొర నిలుస్తుంది. ఆ పొరను ఒత్తి, సున్నపు గోడకు అంటించి ఆరబెట్టి, గంజి పట్టించి, నున్నని రాతితో మెరుగు పెడితే కాగితం తయారు. గంజి లేకుంటే సిరా పాకుతుంది. మెరుగు లేకుంటే కలం గీరుకుంటుంది. ఇందులో సున్నం నారను మెత్తబరచడానికి వాడినదే గాని, అది చేసిన మరొక మేలు ఆ పనివారు ఊహించినది కాదు. ఎంత కడిగినా కొంత సున్నం కాగితంలో మిగిలిపోతుంది. గాలినుండి, సిరానుండి వచ్చే ఆమ్లాన్ని ఆ మిగిలిన సున్నం వందల సంవత్సరాలపాటు మింగుతూ ఉంటుంది.

సి. పి. బ్రౌను కడపలో పండితులను కూర్చి తాటాకు ప్రతులను సరిచూపించి కాగితంమీద శుద్ధప్రతులు వ్రాయించిన కాలానికి లోకంలో కాగితమంటే ప్రధానంగా ఈ విధమైన నారకాగితమే. ఆ ప్రతులు తరువాత మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారానికి చేరినవి. మన ప్రబంధాల పరిష్కరణ చరిత్ర ఆ కాగితాలమీద నిలిచి ఉన్నదని చెప్పినా తప్పులేదు.

పందొమ్మిదవ శతాబ్దం ఈ స్థితిని రెండు వైపులనుండి మార్చినది. 1799లో ఫ్రాన్సులో నికొలాస్ లూయీ రాబర్టు అనే యువకుడు తెగకుండా సాగే తీగజల్లెడమీద ఎడతెగని కాగితం తీసే యంత్రానికి హక్కుపత్రం పొందినాడు. దానిని ఇంగ్లండులో ఫోర్డ్రినియర్ సోదరులు డబ్బు పెట్టి బాగుచేయించి, అప్పులపాలై, యంత్రానికి తమ పేరు మాత్రం మిగుల్చుకున్నారు. యంత్రం వేగానికి ఒక్కొక్క తావుకు గంజి పట్టించే తీరిక లేదు. 1807లో జర్మనీకి చెందిన ఇల్లిగ్ దీనికి ఉపాయం చూపినాడు. రోజనం, పటిక రెండింటినీ గుజ్జులోనే కలిపితే చాలు. కాగితం పుట్టుకతోనే సిరాను నిలుపుకుంటుంది. చవక, సులభం, త్వరితం. ఇక పేలికలు లోకపు ఆకలికి చాలలేదు. 1844లో కెల్లర్ కలపను రాతిమీద నూరి గుజ్జు చేసినాడు. ఆ తరువాత కలపను రసాయనాలలో ఉడికించే పద్ధతులు వచ్చినవి. కాగితం చవక అయినది. చవక కాబట్టే వార్తాపత్రిక, నవల, పాఠ్యపుస్తకం సామాన్యుడి చేతికి వచ్చినవి. ఈ ఉపకారాన్ని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. గురజాడ, వీరేశలింగం, పానుగంటి ప్రజలకు చేరినది ఈ చవక కాగితంమీదనే.

భారతదేశంలో యంత్రపు మిల్లులు మొదట బెంగాలులోను, లక్నోలోను నిలదొక్కుకున్నవి. 1882లో ఆరంభమయిన టీటాగఢ్ మిల్లు వానిలో పెద్దది. వాని ముడిసరుకు పేలికలు, పాత గోనెలు, ముఖ్యంగా సబాయి గడ్డి. ఛోటానాగపూర్, రాజమహల్ కొండలలో పెరిగే ఆ గడ్డి కట్టలుగా రైలెక్కి హుగ్లీతీరం చేరేది. అది మంచి నారే గాని ఎంత కోసినా తక్కువ పడేది. విదేశపు కలపగుజ్జుతో లోటు తీర్చుకోవలసి వచ్చేది. వెదురు సంగతి ఎవరూ ఆలోచించలేదని కాదు. ఆలోచించినవారికి కణుపు అడ్డు వచ్చినది. కణుపు గట్టిది, నడిమి భాగం బోలు. రెండూ ఒకే బానలో సమంగా ఉడకవు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనసంస్థతో కలిసి పనిచేసిన విలియం రైట్ ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఈ చిక్కు విప్పినాడు. వెదురును నరకడానికి బదులు రోళ్ల నడుమ నలగగొట్టాలి. పిండిపదార్థాలను ముందుగా పలుచని క్షారంతో తొలగించి, ఆ తరువాత లిగ్నిన్‌ను చిక్కని క్షారంతో కరగించాలి. ఆయన చెప్పినదాని సారం ఇది. 1920 ప్రాంతంలో నైహతిలో ఇండియా పేపర్ పల్ప్ కంపెనీ వెదురు గుజ్జుతో కాగితం తీయడం మొదలుపెట్టినది. 1925లో కేంద్ర శాసనసభ వెదురు కాగితపు పరిశ్రమకు రక్షణ చట్టం చేసి, దిగుమతి అయ్యే అచ్చు కాగితం మీద, వ్రాత కాగితం మీద పౌనుకు ఒక అణా సుంకం విధించినది. 1932లో విదేశపు గుజ్జు మీద కూడా సుంకం పడినది. ఒక గడ్డిజాతి మొక్క పేరిట కేంద్ర శాసనసభలో చట్టం వచ్చిన సందర్భాలు ఎక్కువ ఉండవు. వెదురు వృక్షం కాదు, గడ్డి. ఈ మాట మళ్లీ ఒకసారి అవసరం వస్తుంది.

ఆ చట్టం ఫలితమే బ్రజరాజ్‌నగర్, ఆ ఫలితమే తెలుగునాట సిర్పూరు. 1938లో నైజాము రాజ్యంలో స్థాపన జరిగి 1942లో కాగితం తీసిన సిర్పూరు మిల్లు తాను నిలిచిన కొత్తపేటను కాగజ్‌నగర్‌గా మార్చివేసినది. రాజమహేంద్రవరంలో 1924లోనే కర్నాటిక్ పేపర్ మిల్సు అనే పేరుతో పుట్టిన మిల్లు ప్రభుత్వం చేతికి వచ్చి, 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్సుగా రూపొందినది.

ఇక మిల్లులో జరిగే పని. అమ్లాయి అయినా రాజమహేంద్రవరం అయినా క్రమం ఒకటే. వర్షాలు వెనుకపట్టిన తరువాత అడవిలో వెదురు నరుకుతారు. వానకాలంలో నరకరాదు, అప్పుడే కొత్త మొలకలు లేస్తవి. నరికిన బొంగులను మిల్లు ఆవరణలో కొండలవలె పేరుస్తారు, ఎందుకంటే నాలుగు నెలలకు సరిపడే నిల్వ ఉండాలి. ఆ నిల్వకు రెండు శత్రువులు: నిప్పు, పుచ్చుపురుగు. అమావాస్య దగ్గరి చీకటి పక్షంలో నరికిన వెదురును పురుగు తినదని మేదరవారి నమ్మకం. మిల్లు గుత్తదారుకు పక్షాలు చూసే తీరిక లేదు.

పేర్పు నుండి దిగిన వెదురు కత్తుల యంత్రంలో పడి అంగుళంలోపు ముక్కలవుతుంది. ఆ ముక్కలను డైజెస్టరు అనే ఉక్కుబానలో నింపి కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిసిన ద్రావకం పోసి, ఆవిరి ఒత్తిడిమీద 160 నుండి 170 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొన్ని గంటలు ఉడికిస్తారు. దీనినే క్రాఫ్టు పద్ధతి అంటారు. జర్మను భాషలో క్రాఫ్టు అంటే బలం. పంతొమ్మిదవ శతాబ్దం చివర డాల్ అనే రసాయనవేత్త కనిపెట్టిన ఈ పద్ధతి లోకమంతటా నిలిచినది. మొక్కలో పీచును పీచుకు అతికించి ఉంచే బంకవంటి పదార్థం లిగ్నిన్. ఆ ఉడుకులో అది కరగి నల్లని ద్రవమై పోతుంది. సెల్యులోజు పీచు మిగులుతుంది. ఎండు వెదురు రెండున్నర టన్నులు పోస్తే గుజ్జు ఒక టన్ను మాత్రమే వస్తుంది. తక్కినదంతా ఆ నల్లనీరులోనే ఉన్నది. మిల్లు ఆర్థికస్థితి ఆ నల్లనీటిని ఏం చేస్తారన్నదానిమీద ఆధారపడి ఉంటుంది. దానిని కాచి చిక్కబరచి కొలిమిలో మండిస్తారు. లిగ్నిన్ ఇంధనమై ఆవిరినిస్తుంది. అడుగున మిగిలిన కరుగును నీట కలిపి సున్నంతో చర్య జరిపితే కాస్టిక్ మళ్లీ చేతికి వస్తుంది. వెదురులో ఇసుకపదార్థం, అనగా సిలికా, ఎక్కువ; అది ఈ చక్రానికి అడుగడుగునా అడ్డుతగులుతుంది, గొట్టాలకు చెక్కుకడుతుంది. విదేశపు కలప మిల్లులకు లేని ఈ బాధను మన ఇంజనీరులు తమ చేతులతోనే నేర్చుకోవలసి వచ్చినది.

బానలోనుండి వచ్చిన గుజ్జు బెల్లపు రంగులో ఉంటుంది. కడిగి, జల్లెడ పట్టి, చలవ చేస్తారు. వెనుకటి మిల్లులలో ఇందుకు క్లోరిను, దాని లవణాలు వాడినారు. ఇటీవలి దశాబ్దాలలో క్లోరిన్ డయాక్సైడు, ఆక్సిజను వచ్చినవి. పాత పద్ధతిలో ఒక టన్ను కాగితానికి 200 ఘనమీటర్లకు మించి నీరు పట్టేది. మిల్లు దిగువన నది రంగు మారినదన్న ఫిర్యాదు దేశంలో ఏ మిల్లుకూ తప్పలేదు. సోన్ నదికీ తప్పలేదు.

చలవ చేసిన గుజ్జును పళ్లరోళ్ల నడుమ నలుపుతారు. కాగజీ కాలి రోకలి పనే ఇది. నలిగినకొద్దీ పీచు నూగుదేరి, ఆరినప్పుడు ఒకదానినొకటి పట్టుకుంటుంది. కాగితానికి బలం బంకవల్ల వచ్చేది కాదు, ఈ పట్టువల్ల వచ్చేదే. తెల్లమట్టి, సుద్ద వంటివి కలిపితే అచ్చుకు నునుపు, వెనుకవైపు అక్షరం కనబడని మరుగు వస్తవి. వందపాళ్లలో తొంభైతొమ్మిది పాళ్లకు పైగా నీరైన ఆ పలుచని గుజ్జు తీగజల్లెడమీద పారుతుంది. కొన్ని క్షణాలలో అది తడి పొర అవుతుంది. ఒత్తుడు రోళ్లు దాటి, ఆవిరితో కాగే ఇనుప డోళ్లమీదుగా సాగి, ఆ చివర కాగితమై చుట్టుకుంటుంది. జల్లెడ సాగే దిక్కున పీచులు వరుసదేరుతవి గనుక కాగితానికి నిలువు, అడ్డము అని రెండు గుణాలు ఏర్పడుతవి. పత్రికను నిలువున చింపితే గీటుగీసినట్లు చినుగుతుంది, అడ్డంగా చింపితే వంకర పోతుంది. పుస్తకం కుట్టేవాడు ఈ సంగతి తెలియకుండా తావును తిరగవేస్తే ఆ పుస్తకం ఎన్నడూ తెరిచినచోట నిలవదు. మన ప్రచురణలలో ఇటువంటివి కొల్లలు.

అట్ట తీరు వేరు. అట్ట అన్నది మన సొంత మాట. ఒకే పొర గాక, పలు పొరలను తడిగా ఉన్నప్పుడే ఒకదానిమీద ఒకటి పేర్చి ఒత్తితే అట్ట వస్తుంది. గుజ్జు తొట్టిలో తిరిగే జల్లెడ డోళ్లు వరుసగా ఉంటవి. ఒక్కొక్క డోలు ఒక్కొక్క పొరను కంబళికి అందిస్తుంది. పైపొరకు మంచి గుజ్జు, నడుమ చిత్తుకాగితపు గుజ్జు. ఇందులోనే లాభం ఉన్నది. పాతకాలపు పుస్తకాలకు వాడిన పసుపుపచ్చని అట్ట మరీ సులభమైనది: గడ్డిని సున్నంతో ఉడికించి, చలవ చేయకుండానే ఒత్తినది. అమ్ముడుపోని కావ్యం తూకానికి పోయి, మిల్లులో అట్ట నడిమిపొరగా మారి, మరొక కావ్యానికి కవచమై తిరిగివచ్చే అవకాశం పూర్తిగా ఉన్నది. ఆంధ్రదేశంలో అట్టల తయారీకి పెద్ద స్థానం భద్రాచలం దగ్గరి సారపాక. అక్కడి మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టినది.

రైల్వే ఊరికి అట్టతో మరొక అనుబంధం కూడా ఉన్నది. ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్సన్ అనే స్టేషను మాస్టరు 1830ల చివర, చేతితో చీటీలు వ్రాసి ఇవ్వలేక, వరుస సంఖ్య అచ్చువేసిన చిన్న అట్టముక్కను టిక్కెట్టుగా కనిపెట్టినాడు. రెండుంబావు అంగుళాల పొడవున్న ఆ ముక్క నూటయాభై ఏళ్లపాటు లోకపు రైల్వేలను ఏలినది. తారీఖు యంత్రంలో దూర్చి టక్కున కొట్టి ఇచ్చే ఆ అట్ట, చెమటచేతిలో నలగదు, జేబులో ముడతపడదు, సంఖ్య వరుసవల్ల గుమాస్తా లెక్క తప్పదు. రవీంద్రనాథ ఠాకూరు 1918 నాటి 'పలాతక' సంపుటిలోని ఒక కవితలో రోగి అయిన భార్యను తీసుకుపోతూ బిలాస్‌పూర్‌లో బండి మారడానికి ఆరుగంటలు వేచిన భర్త కథ చెప్పినాడు. ఆ కాలంలో ఆ దారిని పోయినవారందరి చేతిలో ఉన్నది ఈ అట్టముక్కే. 1980ల నడుమ కంప్యూటరు రిజర్వేషను వచ్చి, ఆ తరువాత రెండు మూడు దశాబ్దాలలో అట్ట టిక్కెట్టు తెరమరుగయినది. దానిని దాచుకున్న ఇళ్లలో అది ఇంకా గట్టిగానే ఉన్నది. దాని పక్కన పెట్టిన పుస్తకం అట్లా లేదు.

ఎందుకు లేదన్నది పటిక కథ. పటిక అల్యూమినియం గంధకలవణం. తేమ తగిలినకొద్దీ అది కాగితంలో గంధకామ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం సెల్యులోజు పీచు గొలుసులను ఒక్కొక్కటిగా తెంచుతుంది. పీచు పొట్టిది అయినకొద్దీ కాగితం మడతకు ఓర్వదు. పేలికల పీచు సహజంగా పొడుగు. వెదురు పీచు సుమారు రెండు మిల్లీమీటర్లు. నీలగిరి చెట్టు వంటి ఆకురాల్చని గట్టికలప పీచు ఒక మిల్లీమీటరు ప్రాంతం. పొట్టి పీచుకు ఆమ్లం తోడయితే ఆయుర్దాయం ఎంతో ఊహించవచ్చు. అమెరికాలో వర్జీనియాకు చెందిన విలియం బారో 1950లలో, 1900 నుండి 1949 వరకు అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షించి, అందులో అత్యధికభాగం మరి యాభై ఏళ్లు నిలువదని తేల్చినాడు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇటువంటి క్షయం వేగం సుమారు రెండింతలు అవుతుంది. బారో పుస్తకాలు ఉన్న చలిదేశం వేరు, వేసవిలో నలభై అయిదు డిగ్రీలకు చేరే బిలాస్‌పూర్‌లో రేకుపెట్టె వేరు.

1900 నుండి 1949 అనే గడువును తెలుగువారు తమ సాహిత్యచరిత్రమీద పెట్టి చూసుకోవాలి. 'ఆంధ్రపత్రిక' పుట్టినది 1908లో, 'భారతి' 1924లో. గ్రంథాలయోద్యమం, భావకవిత్వం, తొలి కథానిక, అభ్యుదయ కవిత్వం, వావిళ్ల వారి పరిష్కృత ప్రచురణలలో పెద్దభాగం, అన్నీ ఆ యాభై ఏళ్లలోనివే. ఆధునిక తెలుగు అని దేనిని పిలుస్తున్నామో అదంతా పటిక పట్టించిన కాగితంమీద పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో కాగితంమీద నియంత్రణ వచ్చినప్పుడు దొరికిన ఏ కాగితంమీదనయినా అచ్చువేసినారు. ఆ ఏళ్ల పుస్తకాలు అన్నిటికన్న ముందుగా గోధుమరంగుకు తిరిగినవి. వార్తాపత్రికల సంగతి చెప్పనక్కరలేదు. నేపానగర్‌లో 1955లో మొదలయిన దేశపు తొలి న్యూస్‌ప్రింటు మిల్లు అండుగు కలపను, వెదురును వాడినది. నూరిన కలపలో లిగ్నిన్ పోదు. వెలుతురు తగిలితే అది పచ్చబడుతుంది. ఎండలో ఒక పూట ఉంచిన దినపత్రికే ఇందుకు సాక్షి.

కోరుట్ల కాగితంమీద పట్వారీ వ్రాసిన శిస్తులెక్క మిగలగా, దాని తరువాత నూరేళ్లకు అచ్చయిన కవితాసంపుటి ముందుగా రాలిపోతున్నది. సర్కారుకు తన లెక్క నిలవాలన్న పట్టుదల ఉండేది. పేలికలతో చేసి జంతువుల తోలుబంక పట్టించిన లెడ్జరు కాగితాన్ని కచేరీలు, కంపెనీలు ఎంచి కొనేవి. ఏ గుమాస్తా ఏ నెల ఎంత జీతం తీసుకున్నాడో చెప్పడానికి అటువంటి కాగితం దొరికినది. అదే గుమాస్తా చదువుకున్న నవలకు దొరకలేదు. ప్రచురణకర్తను నిందించడం తేలిక. రూపాయికి పుస్తకం అమ్మవలసినవాడు అంతకన్న మంచి కాగితం ఎక్కడ తెస్తాడు? కాని రచయితలైనా ఈ సంగతిని పట్టించుకున్న జాడ మన సాహిత్యచర్చలలో కనబడదు. ఛందస్సుకోసం, భాషకోసం పుంఖానుపుంఖంగా వ్యాసాలు వ్రాసుకున్న ఆ తరం, ఆ వ్యాసాలను మోసే వస్తువును గురించి దాదాపు మౌనం వహించినది.

మందు తెలియనిది కాదు. పటిక, రోజనం బదులు క్షారస్థితిలో పనిచేసే కృత్రిమమైన మైనపు పదార్థాలు 1950ల నుండి వచ్చినవి. వానితోపాటు సుద్దను పూరకంగా వాడవచ్చు. సుద్ద కాగితంలో ఉండిపోయి ఆమ్లాన్ని మింగుతుంది. కాగజీ సున్నమే మరొక వేషంలో తిరిగి వచ్చినదన్నమాట. భారతీయ మిల్లులు కొన్ని దశాబ్దాల ఆలస్యంగా ఈ పద్ధతికి మారినవి. మారినది పుస్తకంమీద ప్రేమతో కాదు, సుద్ద గుజ్జుకన్న చవక కావడంవల్ల. ఏ కారణంచేతనైతేనేమి, ఇటీవలి పుస్తకాలు తాతల పుస్తకాలకన్న ఎక్కువకాలం బ్రతుకుతవి.

అడవి సంగతి చెప్పక ఈ చరిత్ర ముగియదు. మిల్లులకు ప్రభుత్వాలు దీర్ఘకాలపు ఒప్పందాలమీద స్వల్పమైన ధరకు వెదురు ఇచ్చినవి. అదే వెదురుకోసం ఛత్తీస్‌గఢ్‌లో కండ్రలు, బసోర్లు, తెలుగునాట మేదరవారు బజారు ధర ఇచ్చుకున్నారు. సాధనపు వెదురు కొన్ని దశాబ్దాలకొకసారి పూసి మూకుమ్మడిగా చస్తుంది. ఆ తరువాత పొద తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. మిల్లు లెక్కలో ఆ ఏళ్లకు చోటులేదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో మాధవ గాడ్గిల్, ఎస్. ఎన్. ప్రసాద్ చేసిన పరిశీలన ఇక్కడ తలచుకోదగినది. ముళ్ళవెదురు పొద మొదట్లో అల్లుకున్న ముళ్లను తొలగిస్తే ఎదుగుదల బాగుంటుందని మిల్లువారు నమ్మి తొలగించినారు. ముళ్లు పోతే మొలకను పశువులు తింటవని ఊరివారు చెప్పినారు. లెక్కవేసి చూడగా ఊరివారి మాటే నిజమయినది. 2006 నాటి అటవీహక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీఫలసాయంగా గుర్తించి అడవివాసులకు హక్కు ఇచ్చినది. 2017లో అటవీచట్టాన్ని సవరించి, అడవి వెలుపల పెరిగే వెదురును వృక్షమన్న నిర్వచనంనుండి తొలగించినారు. గడ్డిని గడ్డి అనడానికి చట్టానికి తొంభై ఏళ్లు పట్టినది. అప్పటికి మిల్లులు చాలావరకు వెదురును విడిచి సుబాబులు, నీలగిరి తోటలకు మారినవి. గోదావరి, కృష్ణా ప్రాంతాల రైతులు ఆ తోటలు పెంచుతున్నారు.

బ్రజరాజ్‌నగర్ మిల్లు 1999లో మూతపడినది. కాగజ్‌నగర్ మిల్లు 2014లో ఆగి, 2018లో కొత్త యాజమాన్యం కింద తిరిగి మొదలయినది. రాజమహేంద్రవరపు మిల్లు అమెరికా కంపెనీ చేతినుండి 2019లో మళ్లీ స్వదేశీయుల చేతికి వచ్చినది.

గ్రంథాలయాలవారు పాత పుస్తకాన్ని పరీక్షించే ఒక సులువైన పద్ధతి ఉన్నది. పుట మూలను ముందుకు, వెనుకకు మడవడమే. నాలుగైదు మడతలకు లోపుగా మూల చేతిలోకి ఊడివస్తే ఆ పుస్తకాన్ని ఇక తిప్పరాదు. మొదటి మడతకే ఊడివచ్చే తెలుగు పుస్తకాలు బిలాస్‌పూర్ రైల్వే ఇళ్లలోనే గాక హైదరాబాదు, మద్రాసు, రాజమహేంద్రవరం గ్రంథాలయాలలోనూ ఉన్నవి. 2000 తరువాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద హైదరాబాదులో వేలాది తెలుగు పుస్తకాలకు ఛాయాచిత్రాలు తీసినారు. కంప్యూటరు తెరమీద ఆ పుటలను తిరగవేస్తే చాలాచోట్ల ఒక మూల నల్లగా కనబడుతుంది. అక్కడ కాగితం లేదు. పద్యంలో చివరి రెండు గణాలు, కొన్నిచోట్ల ముద్రణ సంవత్సరం, దానితోపాటు పోయినవి.